మొదటి ఆట వాళ్లు చూడని రీలు

2024 ఫిబ్రవరి 18, ఆదివారం, సాయంత్రం ఆరున్నర. బౌరంపేట్ దగ్గర ఒక గేటెడ్ కాలనీలో, క్లబ్‌హౌస్ వెనక గడ్డి మీద తెర కట్టి, ఒక పాత హిందీ సినిమా మొదలుపెట్టాను. సినిమాలు వేయడమే నా బతుకు. ఎన్ని ఆటలు వేశానో నాకే తెలియదు. కూచుని రాయాలనిపించింది మాత్రం ఈ ఒక్క ఆట గురించే. అది బాగా జరిగిందని కాదు.

ముందు నా పని ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. మేడ్చల్‌లో ఒక టాకీస్ ఉండేది. ఇప్పుడది ఫంక్షన్ హాలు. అందులో నేను ఆపరేటర్‌ని, అంటే పై గదిలో మిషను నడిపేవాణ్ణి. ఆ రోజుల్లో సినిమా ఒక్క ముక్కగా వచ్చేది కాదు. రేకు డబ్బాల్లో రీళ్లుగా వచ్చేది. గదిలో రెండు మిషన్లుండేవి. ఒక మిషను మీద రీలు అయిపోతుందనగా తెర కుడివైపు పై మూలన చిన్న చుక్క మెరుస్తుంది. అది కనపడగానే రెండో మిషను అందుకోవాలి. దాన్ని చేంజోవర్ అంటారు. జనానికి తెలియకుండా అందుకుంటే నువ్వు ఆపరేటర్‌వి. తెలిసిందంటే ఈలలు, తిట్లు.

ఈ పని చదువు లేకుండానే నేర్చుకున్నాను. డబ్బాల మీది అంకెలు తెలుసు, అక్షరాలు తెలియవు. నలభై దాటాక నా భార్య బాలమణి దగ్గర నేర్చుకున్నాను. ఆమె అదే టాకీస్‌లో ఆడవాళ్ల టికెట్ల కిటికీలో కూచునేది. ఏడో తరగతి దాకా చదివింది. "గుణింతం రాకుంటె బువ్వ లేదు" అనేది. ఊరికే అనడం కాదు, నిజంగానే పెట్టేది కాదు. అలా వచ్చిన అక్షరాలు ఇవి. తప్పులుంటే ఆమెను అడగండి.

ఇప్పుడు బస్ కట్ సంగతి. ఈ మాట మీరు విని ఉండరు. మొదటి ఆట వదిలే వేళకు గౌడవెల్లి వైపు వెళ్లే ఆఖరి బస్సు వెళ్లిపోయేది. పొడుగు సినిమా అయితే ఆ ఊళ్లవాళ్లు మధ్యలో లేచి పరిగెత్తేవాళ్లు, లేదంటే అసలు వచ్చేవాళ్లే కాదు. పాట తీసేస్తే జనం ఊరుకోరు. కొట్లాట తీసేస్తే కుర్చీలు విరుగుతాయి. అందుకని మా ఓనరు ఒక ఉపాయం చేశాడు. పొడుగు సినిమాలకు మొదటి ఆటలో ఆఖరి రీలు వేయొద్దన్నాడు. ఉందని తెలియని దాని కోసం ఎవరూ గొడవ పడరు కదా. దాని ముందు రీలు అయిపోగానే 'శుభం' అని రాసిన గాజు స్లైడు తెర మీద వేసి లైట్లు వెలిగించేవాళ్లం. రెండో ఆటకు మాత్రం సినిమా మొత్తం ఆడేది. ఆ శుభం స్లైడును నేను చదివి కాదు, మూలన ఉన్న పగులు చూసి గుర్తుపట్టేవాణ్ణి.

నేను చెబుతున్న హిందీ సినిమా అలా కోసినవాటిలో ఒకటి. దాని అసలు పేరు ఇక్కడెవరూ పలికేవాళ్లు కాదు. మాకది చాబీ బొమ్మ, అంటే తాళంచెవి సినిమా. ఒక కోటకు ఖిలేదారు ఉంటాడు, అంటే కోట తలుపులకు అధికారి. అతని కూతురు, కోట బయట నగారా కొట్టేవాడి కొడుకును ప్రేమిస్తుంది. పొద్దుగూకాక ఎవరి కోసమూ తలుపు తెరవనని ఖిలేదారు ఒట్టు. పిల్లవాడు బయట, పిల్ల లోపల. ఆఖరి ముందు రీలు చివర తండ్రి ఆ పిల్ల ఏడుపు వింటాడు. నడుముకున్న చాబీ చేతిలోకి తీసుకుంటాడు. మెట్లు దిగి తలుపు వైపు నడుస్తాడు. నగారా మోగుతుంది. సరిగ్గా అక్కడ రీలు అయిపోయేది, మేం శుభం వేసేవాళ్లం.

జనం కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కేవాళ్లు. తండ్రి తలుపు తెరిచాడనే వాళ్ల నమ్మకం. రెండో ఆట చూసినవాళ్లు తెరవలేదంటే, "నువ్ నిద్రవోయి కలగన్నవ్ తియ్" అని నవ్వేవాళ్లు. ఆ సినిమా ఆడినన్నాళ్లూ టీ కొట్టు దగ్గర ఇదే తగాదా. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

టాకీస్ మూతపడ్డాక కొన్నాళ్లు ఏవేవో పనులు చేశాను. ఇప్పుడు ఒక ప్రొజెక్టర్, తెర, రెండు స్పీకర్లు పెట్టుకుని కిరాయికి తిప్పుతున్నాను. బడులు పిలుస్తాయి, కొత్త కాలనీలు పిలుస్తాయి. బాలమణి నాతో వస్తుంది. తెర తాళ్లు నాకంటే బిగుతుగా కడుతుంది.

ఆ ఆదివారం మేం చేరేసరికి నాలుగైంది. కాలనీ సెక్రటరీ ప్రసాద్ గారు చోటు చూపించి వెళ్లిపోయారు. తెర లేపుతుంటే ఒక అమ్మాయి వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చింది. పేరు హారిక. దుండిగల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుందట. ముప్పైకి దగ్గర పడ్డ పిల్ల. పెన్‌డ్రైవ్ పెట్టి క్లబ్‌హౌస్ లోపలి గోడ మీద ఒక్క క్షణం వేసి చూస్తే మొదట్లోనే కోట కనపడింది.

"ఈ సినిమా మీకు తెలుసా అంకుల్?" అంది.

"ఎందుకు తెల్వదమ్మా? చాబీ బొమ్మ."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "మా నాన్న కూడా అదే అంటారు! ఆ పేరు ఆయనొక్కరే పెట్టుకున్నారనుకున్నా ఇన్నాళ్లూ. మేడ్చల్ టాకీస్‌లో ఆరుసార్లు చూశారట."

"ఏ ఆట?"

"అంటే?"

"మొదటాటనా, రెండో ఆటనా?"

"ఫస్ట్ షోనే. ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి సైకిల్ మీద వెళ్లేవారట."

వైరు సర్దుకుంటూ కూచున్నాను. ఆ పిల్ల మాత్రం వెళ్లలేదు. తాడు ఒక కొస పట్టుకుని బాలమణితో మాటల్లో పడింది. ఆడవాళ్లు నా ముందు మాట్లాడుకోవడం నాకు అలవాటే. మిషను పక్కన కూచునేవాణ్ణి ఎవరూ మనిషి కింద లెక్కేయరు.

ఆమె తండ్రి వెంకటరత్నం గారిది కృష్ణా జిల్లా. పెళ్లికి ముందే మేడ్చల్ వైపు ఫ్యాక్టరీలో స్టోర్స్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. ఈ కాలనీలో ఇల్లు కొనుక్కున్నారు. హారిక ప్రేమించిన అబ్బాయి నరేశ్. అదే కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాడు, గౌడవెల్లి అతనిది. కులం వేరు. రెండు కులాల పేర్లూ నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు అక్కడే ఆగి ఎవరో ఒకరి పక్షం చేరిపోతారు.

"దసరాకి చెప్పానాంటీ. అరవలేదు, కొట్టలేదు. మాట్లాడ్డం మానేశారు అంతే. ఒక్క బల్ల మీద తింటూ, ఉప్పు కావాలన్నా మా అమ్మతో చెప్పిస్తారు."

"మరి రిజిస్టర్ ఆఫీసుల జేసుకోరాదు బిడ్డా? సద్వుకున్నోళ్లు, కొలువులున్నోళ్లు."

"నాన్న కాదంటే చేసుకోను. వేరేవాళ్లనీ చేసుకోను. ఈ రెండూ నరేశ్‌కి కూడా చెప్పేశా."

"ఇగ ఇయ్యాల గీ బొమ్మ ఎందుకు?"

దానికి ఆ పిల్ల కొంచెం సిగ్గుపడింది. "ఈ సినిమా ఊసొస్తే నాన్న గొంతే మారిపోతుంది. 'ఒట్టు పోయినా సరే, పదిమందీ నవ్వినా సరే, తలుపు తీశాడమ్మా ఆయన. తండ్రంటే అదీ' అంటారు. చిన్నప్పట్నుంచీ వింటున్నా. అందుకే ఈ నెల సినిమా నేను చెప్పిందే వేయమని ప్రసాద్ అంకుల్‌ని బతిమాలాను. నరేశ్, వాళ్ల నాన్న కూడా వస్తున్నారు. సినిమా అవగానే, నాన్న కళ్లు తడారకముందే, వాళ్లు వచ్చి నమస్కారం పెడతారు. అప్పుడు కాదనలేరాంటీ."

"నువ్వు జూసినవా ఇది?"

"లేదు. చూస్తే నాన్నతోనే చూడాలని."

బాలమణి నావైపు తిరిగింది. "నువ్ జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. "అమ్మా, తలుపు తియ్యడు" అన్నాను.

"ఎవరు?"

"గా తండ్రి. తలుపు కాడికి పోతడు, పోయి ఇంకో తాళమేస్తడు. చాబీ తీస్కపోయి బాయిల పారేస్తడు. పిల్ల గా తలుపు కాడనే ముసల్దైతది. మీ నాయిన జూసింది నేను కోసిన బొమ్మ."

హారిక నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి బాలమణి వైపు చూసింది. ఆమె కూడా నవ్వలేదు. అప్పుడు బస్సు సంగతి, శుభం సంగతి అంతా చెప్పాను. తాడు చేతిలో పట్టుకునే ఆ పిల్ల గడ్డి మీద కూలబడింది.

"గట్ల మొకం మీద కొట్టినట్టు జెప్తరానయ్యా?" అని బాలమణి నన్ను కసిరి, ఆ పిల్ల పక్కన కూచుంది. "పరేషాన్ గాకు బిడ్డా. అప్పుడు బస్సు కోసం కోసిండు. ఇప్పుడు నీ కోసం కోస్తడు. చాబీ వట్టుకొని నడుస్తడు సూడు, గక్కడ ఆపి శుభం ఏస్తె అయిపాయె."

"అది మోసం కదాంటీ?"

"మోసమే. గా మోసాన్నే మీ నాయిన ఆరుసార్లు జూసిండు. ఏం చెడిపోయిండు? మంచిగనే ఉన్నడు గద."

హారిక చేతిలోని తాడు వేలికి చుట్టింది, విప్పింది. చివరికి, "ఆపేయండి అంకుల్" అంది. తన ల్యాప్‌టాప్‌లో ఆ చివరి ముక్క తీసేసి తెస్తానని కూడా అంది. అక్కర్లేదన్నాను. రిమోట్ మీదే ఆపే బటన్ ఉంది, ఏ చోట ఆపాలో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ పిల్ల ఫోన్‌లో శుభం అని అందంగా రాసి, ఒక బొమ్మగా చేసి పెన్‌డ్రైవ్‌లో వేసింది. చాబీ దగ్గర సినిమా ఆపడం, ఆ బొమ్మ వేయడం, అది చూసి ప్రసాద్ గారు లైట్లు వేయడం. అంతే పని.

పగటి వెలుతురులో తెర మీద ఏమీ కనపడదు. ఎండ ఉండగా సౌండు ఒక్కటే చూసుకోగలం, బొమ్మ చూసుకోలేం. నేను సౌండు చూసుకున్నాను. బటన్ నొక్కితే ఆగింది, మళ్లీ నొక్కితే మొదలైంది. సరిపోయిందనుకున్నాను.

చీకటి పడుతుండగా ఒక్కొక్కరే వచ్చారు. నలుపు తెలుపు సినిమా అని కుర్రకారు రాలేదు. వెంకటరత్నం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య సుశీల గారి వెనకే, పెళ్లికొచ్చినట్టు వచ్చారు. నేను మేడ్చల్ టాకీస్ మనిషినని ఎవరో చెప్పినట్టున్నారు. నేరుగా నా దగ్గరకే వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఆ ఆపరేటరు మీరేనాండీ! ఈ చేతులకి దణ్ణం పెట్టాలండీ. ఆరుసార్లు చూస్తే ఒక్కసారి కూడా కరెంటు పోలేదు."

"కరెంటు నా చేతిల లేదు సార్."

"అదేలెండి. అంతా మీ చలవే" అని గట్టిగా నవ్వారు. నాకు ఆ మనిషి నచ్చాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

ఆట మొదలయ్యాక నరేశ్ తన తండ్రిని తీసుకుని వచ్చి ఆఖరి వరసలో, నా మిషను పక్కనే కూచున్నాడు. తండ్రిని చూడగానే గుర్తుపట్టాను. గౌడవెల్లి నర్సింహ. మొదటి ఆట మనిషి, బస్సు మనిషి. కూలి పని మీద మేడ్చల్ వస్తే సినిమా చూడకుండా పోయేవాడు కాదు.

"యాదన్నా, నువ్వింక బతికే ఉన్నవే?" అన్నాడు చెవిలో.

"నువ్వున్నంక నేనెందుకు పోత?"

"గా తలుపు తెర్సుకున్న కాడ నేనెంత ఏడ్సిననో ఎరికేనా?"

"తెర్సుకున్నదా నీకు?"

"తెర్సుకోకుంటె నగారా ఎందుకు కొడ్తరే?"

నరేశ్ తన తండ్రి మోకాలి మీద తట్టి, "సప్పుడు జెయ్యకు నాయినా" అన్నాడు.

సినిమా నడుస్తుంటే నేను తెరను చూడలేదు. ముందు వరసలో వెంకటరత్నం గారి తల వెనక భాగం చూస్తూ కూచున్నాను. మాటలు తెర మీది మనుషుల కంటే ముందే ఆయన పెదవుల మీదికి వచ్చేస్తున్నాయని బాలమణి తర్వాత చెప్పింది. ఆమె ముందు వరస పక్కన స్పీకర్ దగ్గర నిలబడి ఉంది. పిల్ల ఏడ్చింది. ఖిలేదారు ఆ ఏడుపు విన్నాడు. నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. చాబీ తీశాడు. అప్పుడు వెంకటరత్నం గారు తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి, పక్కన కూచున్న కూతురి చెయ్యి అందుకున్నారు. నేనూ చూశాను, బాలమణీ చూసింది.

నగారా మోగింది. బటన్ నొక్కాను.

బొమ్మ ఆగింది. తెర కింద ఒక తెల్ల గీత పడింది. ఈ కొత్త మిషన్లలో సినిమా ఎంత అయింది, ఎంత మిగిలింది అని చూపించే గీత అది. ఆపినప్పుడల్లా పడుతుంది. పగలు ఎండలో అది నాకు కనపడలేదు. ఇప్పుడు చీకట్లో అంత పెద్ద తెర మీద గోడకు సున్నం వేసినట్టు కనపడుతోంది. దాని చివర కొంచెం ఖాళీ మిగిలి ఉంది.

శుభం బొమ్మ కోసం వెతుకుతున్నాను. ఈ ప్రొజెక్టర్‌లో పేర్లన్నీ ఇంగ్లీషులో వస్తాయి. నా అక్షరాలు తెలుగు అక్షరాలు.

"అయిపోయిందండీ, ఇంతే. ఇప్పుడు శుభం పడుతుంది చూడండి" అంటున్నారు వెంకటరత్నం గారు చుట్టుపక్కల వాళ్లతో. కూతురి చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"లేదంకుల్, ఇంకా ట్వంటీ మినిట్స్ ఉంది" అన్నాడు వెనకనుంచి కార్తీక్ అనే అబ్బాయి. ఆ వయసువాడు అతనొక్కడే వచ్చాడు. మంచికే చెప్పాడు పాపం.

"ఇంకా ఉందా?" అని వెంకటరత్నం గారు వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"ఏం లేదు సార్, పేర్లు పడ్తయంతే" అన్నాను.

"పాత సినిమాల్లో పేర్లు ముందే పడిపోతాయి కదా" అన్నాడు కార్తీక్. అందరూ నవ్వారు.

వెంకటరత్నం గారు కూడా నవ్వారు. "వెయ్యండి, వెయ్యండి! ఆరుసార్లు చూసి నేను చూడని ముక్క ఉందంటే అది చూడకుండా లేస్తానా?" ఇంకా చెప్పాలంటే ఆయన సంబరపడ్డారు. హారిక నావైపు చూసింది. తల ఊపలేదు, వద్దనలేదు. ఏం చేస్తుంది? నేను ఇంకా ఆ ఇంగ్లీషు పేర్లలోనే ఉన్నాను. ఈలోగా ప్రసాద్ గారు వచ్చి, "పాజ్ అయినట్టుంది, ఇలా ఇవ్వండి" అని రిమోట్ తీసుకుని నొక్కారు.

ఖిలేదారు తలుపు దాకా నడిచాడు. అవతల పిల్లవాడు నగారా కొడుతూనే ఉన్నాడు. ఖిలేదారు తలుపుకు చెవి ఆనించి విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. రెండో తాళం వేశాడు. ఆ తర్వాత బావి. ఆ తర్వాత తల నెరిసిన కూతురు.

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. వెంకటరత్నం గారి రెండు చేతులూ ఆయన ఒళ్లోనే ఉన్నాయి.

నరేశ్‌కు అర్థమైంది. "వద్దు నాయినా, ఇయ్యాల వద్దు, పోదాం పా" అని తండ్రి చొక్కా పట్టుకున్నాడు. నర్సింహ వినలేదు. "అచ్చినంక మొకం దాసుకొని పోతమా?" అని ముందుకు నడిచాడు. కొడుకు వెనకే వెళ్లాడు.

"నమస్తె సారు. నాది గౌడవెల్లి. నర్సింహ అంటరు. గీ పిలగాడు నా కొడుకు."

వెంకటరత్నం గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నరేశ్‌ను చూశారు, కూతురిని చూశారు, తెరను చూశారు. ఈ సినిమా ఎందుకు, ఇవాళే ఎందుకు, అంతా ఆయనకు అక్కడే తెలిసిపోయింది. కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"మీరూ చూశారు కదండీ" అన్నారు మర్యాదగా. "దసరా నుంచీ నాలో నేను కుమిలిపోతున్నానండి. ఆయన తీశాడే, నేను తీయలేకపోతున్నానే, నాకంత మనసు లేదేమో అని. నిద్ర కూడా పట్టేది కాదు. రేపో ఎల్లుండో సరేననేద్దామని కూడా అనుకున్నాను. ఆయన తీయలేదటండీ. అంత ప్రేమున్న మనిషీ తీయలేదు. ఇప్పుడు నా మనసు కుదుటపడింది."

నర్సింహ ఇంకో అడుగు ముందుకు వేశాడు. "సారూ, నేను గూడ మొదటాటనే జూసిన. తియ్యలేదని నాకు గూడ గిప్పుడే తెల్సింది. తెల్సినా నాకు గా తలుపు తెర్సుకున్నట్టే ఉన్నది. అది బొమ్మ సారు. మనం మనుషులం."

ఎవరూ కదల్లేదు. వెంకటరత్నం గారు కూడా కదల్లేదు. నేల చూస్తూ నిలబడ్డారు. ఒక నిమిషం అలా గడిచి ఉంటుంది. సుశీల గారు ఏదో అనబోయి భర్త మొహం చూసి ఆగిపోయారు. తర్వాత ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది, ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆయన తలెత్తి హారిక వైపు తిరిగారు.

"చలిగా ఉందమ్మా, పద" అన్నారు.

దసరా తర్వాత ఆ పిల్లతో ఆయన నేరుగా అన్న మొదటి మాట అదే. ఆ పిల్ల నరేశ్ వైపు ఒక్కసారి చూసింది. తండ్రి వెనక నడిచి వెళ్లిపోయింది.

తాళ్లు విప్పుతూ బాలమణి అంది, "ఇంతమంది సద్వుకున్నోళ్లున్నరు. ఒక్కళ్ల నోరు లేవలే."

"నీ నోరు లేసిందా?" అన్నాను.

ఆమె చేతిలోని తాడు నా మీదికి విసిరి, స్పీకర్ తీయడానికి వెళ్లింది.

తర్వాత ప్రొజెక్టర్ అమ్మిన షాపతన్ని అడిగాను. రిమోట్ మీద ఇంకొక బటన్ ఉంటుందట. బ్లాంక్ అంటారు. అది నొక్కితే తెర మొత్తం నల్లగా అయిపోతుంది, గీతలేవీ పడవు. దాని మీద ఎర్ర రంగు పూసుకున్నాను. ఇలాంటి పని చేసే కుర్రవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నరేశ్ ఆ కాలేజీ మానేసి శామీర్‌పేట్ వైపు ఎక్కడో చేరాడు. ఇంకా పెళ్లి చేసుకోలేదని నర్సింహ చెప్పాడు. అంతకుమించి ఆ సంగతి ఎత్తడు. హారిక దుండిగల్ బస్టాపులో ఒకసారి కనపడింది. నాన్న బాగా మాట్లాడుతున్నారని, రోజూ కాలేజీ సంగతులు అడుగుతున్నారని చెప్పింది. సంతోషంగా చెప్పాలని చూసింది.

సినిమా మనిషిని మారుస్తుందని మా ఓనరు అనేవాడు. నేనూ నమ్మేవాణ్ణి. ఇప్పుడు తేల్చుకోలేకుండా ఉన్నాను. బస్సు కోసం మేం కోసి చూపించిన ముక్క, నలభై ఏళ్ల పాటు ఆ పెద్దమనిషిని లోపలినుంచి కొంచెం కొంచెం వంచుతూ వచ్చింది. అసలు ముక్క ఇరవై నిమిషాల్లో ఆయనకొక సాకు అందించింది. ఏది మంచి సినిమా అంటే ఏం చెప్పను? తప్పు గీతదనో, బటన్‌దనో, కార్తీక్‌దనో కూడా అనను. నర్సింహ ఆ మాట అన్నాక ఒక నిమిషం దొరికింది. వెంకటరత్నం గారు తలవంచుకుని నిలబడిన నిమిషం. అప్పుడు ఇంకొక్కరు 'అవునండీ, నిజమే' అని ఉంటే ఆయన సరేననడం వైపు మొగ్గేవారేమో. ఆ మాట కోసం ఆయన ఎదురుచూశారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే. ఆట అయిపోయి లైట్లు వెలిగాక కూడా పని మిగిలే ఉంటుంది. అది ఆపరేటర్ ఒక్కడిదే కాదు, కుర్చీల్లో ఉన్న అందరిదీ.

అందుకే పేర్లు రాస్తున్నాను. ముందు వరసలో వెంకటరత్నం గారు, సుశీల గారు, హారిక. వాళ్ల వెనక బ్యాంకులో పనిచేసిన మూర్తి గారు, వాళ్ల అత్తగారు కనకమ్మ గారు, మ్యూజిక్ టీచర్ శారద గారు. లైట్ల స్విచ్చు దగ్గర సెక్రటరీ ప్రసాద్ గారు, ఆయన భార్య పద్మజ గారు. మూడో వరసలో కార్తీక్, వాళ్ల నాన్న శ్రీధర్ గారు. నీళ్ల డబ్బా దగ్గర వాచ్‌మన్ సాయిలు. స్పీకర్ పక్కన బాలమణి. ఆఖరి వరస దాటి వచ్చి తండ్రి వెనక నిలబడ్డ నరేశ్. మిషను దగ్గర నేను, యాదగిరి. ఇంతమందిమి ఉన్నాం. మాట్లాడింది మాత్రం గౌడవెల్లి నర్సింహ ఒక్కడే.